బకెట్టు నీళ్ళతో పోయే వాసన కాదది

అనంతపురంలో అద్దె ఇంటి కోసం తిరుగుతున్నప్పుడు సాయినగర్‌లో ఒక ఇల్లు మాకు అన్ని విధాలా కుదిరింది. కింద సంపు, పైన బట్టలారేసుకోవడానికి మిద్దె, పిల్లాడి స్కూలు నడిచి వెళ్ళేంత దూరం. అడ్వాన్సు మాట దాకా వచ్చాక "మాకు కుక్క ఉందండీ" అని చెప్పాం. ఓనరమ్మ మొహం మారిపోయింది. మొరుగుతుందా, కరుస్తుందా అని అడగలేదామె. "కుక్కలుండే ఇల్లు కంపు కొడతాదమ్మా. బొచ్చు అన్నంలోకి కూడా వస్తాది. వారానికి రెండు తూర్లు స్నానం చేపిస్తామంటే చెప్పు, చూద్దాం" అంది.

ఆమెను తప్పు పట్టను. ఖాళీ చేసి వెళ్ళాక కూడా కుక్క వాసన వదలని ఇళ్ళు నేనూ చూశాను. కానీ ఆ షరతు మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే అది ఆమె ఒక్కదాని అభిప్రాయం కాదు. కుక్క ఉన్న ఇంట్లో వాసన వస్తోందంటే బంధువులు, పక్కింటివాళ్ళు, కుక్కను అమ్మినవాడు, అందరూ చెప్పేది ఒకటే: స్నానం చేయించండి. ఇంకా వస్తోందా, ఇంకోసారి చేయించండి.

స్నానం పెంచడం ఆఖరున చేయాల్సిన పని అని నా వాదన. ముందు వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో ముక్కు పెట్టి వెతకాలి. బొచ్చు సంగతంటారా, నేల మీద పడ్డాక ఊడ్చుకునే బదులు ఒంటి మీద ఉండగానే దువ్వి తీసేయాలి. ఇవన్నీ చేసినా కొంత వాసన, కొంత బొచ్చు మిగులుతాయి. ఆ కొంచెం కూడా వద్దనుకునేవాళ్ళు కుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

కుక్కను పంపేసినా వాసన పోలేదు

కర్నూలులో మా పిన్ని వాళ్ళకు ఒక లాబ్రడార్ ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి హాల్లో కూర్చోలేని వాసన. రోజు మార్చి రోజు స్నానం, గంటకోసారి అగరొత్తులు, గోడలకు కొట్టే స్ప్రేలు. చివరికి ఇంట్లో పెద్ద గొడవై దాన్ని ఆళ్ళగడ్డ దగ్గర తోటకు పంపేశారు. అది పోయిన తర్వాత కూడా సాయంత్రమైతే హాల్లో అదే వాసన. "అది పోయినా దాని కంపు పోలేదప్పా" అని మా బాబాయి అందరికీ చెప్పుకునేవాడు.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను గమనించింది ఏమిటంటే, వాసన పగలంతా లేదు. కూలర్ స్విచ్ వేసిన కాసేపటికి మొదలవుతోంది. కూలర్ కిటికీ బయట లేదు, హాల్లోనే ఒక మూలన ఉంది. అంటే గదిలో గాలినే లాక్కుని, తడి గడ్డిలోంచి పంపి, మళ్ళీ మన మీదికే వదులుతోంది. పక్క తలుపు ఊడదీసి చూశాం. గడ్డి ప్యాడ్‌కు లోపలి వైపు గడ్డి రంగే ఉంది. గాలి లోపలికొచ్చే బయటి వైపు మాత్రం లేత గోధుమ రంగు బొచ్చు పొరలు పొరలుగా తడిసి, జాలీకి కరుచుకుని, వేలితో లాగితే ముద్దగా ఊడి వచ్చింది. అడుగున తొట్టిలో జిగట. ప్యాడ్లు మార్చి, తొట్టి తోమి, ఒక పూట ఎండలో పెట్టాక ఆ వాసన పోయింది. కుక్క మాత్రం తిరిగి రాలేదు. తోట దగ్గర దానికి బాగానే జరుగుతోందట. నేరం చేసింది కూలర్, ఊరొదిలి పోయింది కుక్క.

దీని వెనక ఉన్న సంగతి అంత కష్టమైనదేమీ కాదు. కుక్క చర్మంలో నూనె గ్రంథులుంటాయి. ఆ నూనె మీద, రాలే పొట్టు మీద బాక్టీరియా, ఈస్ట్ బతుకుతుంటాయి. అవి వదిలే పదార్థాలే మనకు వాసనగా తెలుస్తాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ వాసన ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. తడి తగిలి, ఆ తడి ఆరేటప్పుడు ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. వానలో తడిసిన కుక్క దగ్గరికి వస్తే ముక్కు మూసుకునేది అందుకే. కుక్క ఒంటి మీదే కాదు, రాలిన బొచ్చు ఎక్కడ తడిసినా జరిగేది అదే: కూలర్లో, సరిగా ఆరని పరుపులో, నీళ్ళ గిన్నె చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండే గోనెపట్టాలో.

వాసన ఎక్కువగా తేమ పని అయితే, మా జిల్లా వాళ్ళంత అదృష్టవంతులు లేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊరిది. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. నడి వేసవిలో మిద్దె మీద ఏది వేసినా గంటలో గలగలలాడుతుంది. అలాంటి చోట ఇళ్ళు కుక్క వాసన కొడుతున్నాయంటే ఆ తడి ఆకాశం నుంచి వచ్చింది కాదు, మనం చేతులారా చేసుకున్నదే.

కుక్క పడుకోవడానికి మన ఇళ్ళలో వేసేది పాత బొంత. నాలుగైదు పాత చీరలు కలిపి కుట్టిన మందం అది. పైన తడిమితే ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. ఉతకడమూ కష్టమే కాబట్టి ఉతకరు. దానికి బదులు పాత నూలు చీర ఒక్కటే నాలుగు మడతలు వేసి పరిస్తే, విప్పి ఉతుక్కోవచ్చు, విప్పే ఆరేసుకోవచ్చు. వారానికోసారి స్నానం చేయించాల్సింది దానికి, కుక్కకు కాదు. మురికి పరుపు మీద కడిగిన కుక్కను పడుకోబెడితే తెల్లారేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది.

స్నానం ఎంత

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నెలకొకసారి స్నానం చాలు. బురదలో పొర్లితే, కుళ్ళినదేదో పూసుకుని వస్తే అది వేరే సంగతి. ఎక్కువసార్లు చేయిస్తే ఏమవుతుందని అడిగేవాళ్ళకు ముందు అడగాల్సిన ప్రశ్న, దేంతో చేయిస్తున్నారని. చాలా ఇళ్ళలో మనం ఒంటికి రుద్దుకునే సబ్బే, కొన్నిచోట్ల బట్టల సబ్బు కూడా చూశాను. మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. కుక్కది దాదాపు తటస్థం, పీహెచ్ 7కు అటూ ఇటూ. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. వారానికి రెండుసార్లు దాంతో రుద్దితే చర్మం మీద రక్షణగా ఉండే నూనె పొర పోతుంది, పొట్టు లేస్తుంది, దురద మొదలవుతుంది, గీరుకున్నకొద్దీ బొచ్చు ఊడుతుంది. చర్మం చితికిన చోట ఈస్ట్, బాక్టీరియా ఇంకా బాగా పెరుగుతాయి. అంటే వాసన పోగొట్టడానికి చేసిన స్నానమే తర్వాతి వాసనకు దారి వేస్తోంది. మా ఊళ్ళో వేసవి నీళ్ళ ట్యాంకర్ ధర గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

స్నానం చేయించిన రోజున కూడా ముఖ్యమైంది నీళ్ళు పోయడం కాదు, ఒళ్ళు ఆరబెట్టడం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, మనం పామేరియన్ అని పిలుచుకునే తెల్ల కుక్కలు, వీటన్నిటికీ పైన గరుకు వెంట్రుక, దాని కింద మెత్తటి దట్టమైన ఇంకో పొర ఉంటాయి. పైది గంటలో ఆరిపోతుంది. కింది పొరలో వేళ్ళు దూర్చి చూస్తే చర్మం దగ్గర ఇంకా చల్లగా తగులుతుంది. అలాగే వదిలేస్తే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. పొద్దున్నే చేయించి, టవలుతో బొచ్చుకు ఎదురుగా తుడిచి, ఎండ ముదిరేలోపు నీడన గాలి తగిలేచోట కట్టేస్తే సరిపోతుంది.

ఇక్కడ నా మాటకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలో, కుక్కలంటే ఎలర్జీ ఉన్న పెద్దలో ఉంటే లెక్క మారుతుంది. ఎలర్జీ తెచ్చేది అసలు బొచ్చు కాదు, కుక్క లాలాజలంలో, రాలే పొట్టులో ఉండే ప్రోటీన్లు. స్నానం చేయిస్తే అవి తగ్గే మాట నిజం. కానీ కొద్ది రోజుల్లోనే మళ్ళీ పెరుగుతాయి. అందుకే అలాంటి ఇళ్ళలో వారానికి రెండుసార్లు అనే సలహాకు అర్థముంది. అది కూడా కుక్కల షాంపూతో, డాక్టర్‌ను అడిగాక. వాసన కోసం చేసే స్నానానికీ పిల్లాడి ఊపిరి కోసం చేసే స్నానానికీ తేడా ఉంది. ఓనరమ్మ అడిగింది మొదటిది.

ముక్కు చెప్పేది వినాలి

వాసన మీద ఇంకో వాసన చల్లడం నాకు అస్సలు నచ్చని పని. ఫినాయిల్ ఘాటు, మల్లెపూల స్ప్రే, కర్పూరం, కింద కుక్క వాసన అలాగే. మనకే తల తిరుగుతుంది. మనకంటే వాసన పసిగట్టే కణాలు ఎన్నో రెట్లు ఎక్కువున్న ఆ ప్రాణి సంగతి ఆలోచించండి. పైగా ఫినాయిల్ తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలనే నాకుతుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ రకాలు కుక్కలకు మంచివి కావు, పిల్లులకైతే మరీ ప్రమాదం. నాఫ్తలీన్ గోళీలు, కర్పూరం బిళ్ళలు మింగితే విషమే. వాటిని మూలల్లో పెట్టే అలవాటున్న ఇంట్లో కుక్కపిల్ల ఉందంటే నాకు టెన్షన్.

వాసన ఊరికే రాదు. మా రాకీ ఒకసారి తల విదిలించడం మొదలుపెట్టింది. దగ్గరికి వస్తే పులిసిన పిండి వాసన. ఒంటికి ముక్కు ఆనిస్తే ఏమీ లేదు. వేలాడే చెవిని ఎత్తి తిరగేస్తే లోపల చర్మం ఎర్రగా కంది, మడతల్లో ముదురు గోధుమ రంగు మైనం. ఎన్ని స్నానాలు చేయించినా పోయేది కాదది, పైగా చెవిలోకి నీళ్ళు పోతే ముదిరేది. డాక్టర్ ఇచ్చిన చుక్కల మందుతో తగ్గింది. చెవులు వేలాడే జాతులకు గాలాడదు కాబట్టి ఈ బాధ ఎక్కువ.

చేపల కంపు లాంటిది ఉన్నట్టుండి వచ్చి, కుక్క పిర్రలు నేలకు రాస్తూ జరుగుతుంటే అది మలద్వారం పక్కన ఉండే రెండు చిన్న గ్రంథుల పని. నోటి కంపు దంతాలది, చిగుళ్ళది. మన టూత్‌పేస్ట్ మాత్రం వాడకండి, అది మింగకూడనిది, కుక్కకు ఉమ్మడం రాదు. ఒళ్ళంతా జిడ్డుగా, మురుగు వాసనగా ఉంటే చర్మంలో ఈస్ట్ పెరిగి ఉండొచ్చు. వీటికి వెళ్ళాల్సింది పశువుల ఆసుపత్రికి. గొర్రెల పెంపకానికి పేరున్న జిల్లా కాబట్టి మా దగ్గర ఆసుపత్రి వరండాలో కుక్కను పట్టుకుని గొర్రెల మధ్య వంతు కోసం నిలబడాలి, అంతే. కడప వైపు వాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది.

ఉచ్చ వాసన గురించి ఒక మాట. నున్నటి తాడిపత్రి బండ పెద్దగా పీల్చుకోదు, బండకూ బండకూ మధ్య సిమెంటు సందు పీల్చుకుంటుంది. తుడిచినప్పుడు పోయినట్టే ఉండి, ఇల్లు కడిగిన ప్రతిసారీ మళ్ళీ లేస్తుంది. కుక్క ముక్కు దాన్ని గుర్తుపట్టి మళ్ళీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది సందులో పోసి నాననిస్తే పని చేస్తుంది. చాలామంది దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. వద్దు. ఉచ్చలోని అమ్మోనియాతో అది కలిస్తే వచ్చే పొగ మనుషుల ఊపిరితిత్తులకే చెరుపు.

ఏడాది పొడుగునా బొచ్చు

ఇంటర్నెట్‌లో కుక్కల బొచ్చు గురించి చదివితే, ఏడాదికి రెండుసార్లు విపరీతంగా రాలుతుంది, తర్వాత తగ్గుతుంది అని ఉంటుంది. మా ఇంట్లో ఆ తగ్గే కాలం ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉన్నాను. బొచ్చు మార్పిడి ముఖ్యంగా పగటి వెలుతురు ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టి జరుగుతుంది. లండన్‌లో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ ఎనిమిది గంటలకు పైగా తేడా ఉంటుంది. అనంతపురంలో ఆ తేడా రెండు గంటలు కూడా ఉండదు. పైగా రాత్రి పదకొండు దాకా ట్యూబులైట్ వెలుగు. ఇంట్లో ఉండే కుక్కలు ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటాయి. సీజన్ అయిపోతే తగ్గుతుందిలే అని కూర్చుంటే ఇక్కడ ఆ సీజన్ అయిపోదు.

ఆ సలహాల్లో సగం కార్పెట్ ఇళ్ళ కోసం రాసినవి. మనవి బండల ఇళ్ళు, కాకపోతే టైల్స్. కడప బండైనా, బేతంచెర్ల బండైనా బొచ్చును పట్టి ఉంచుకోదు. బీరువా కిందికి, తలుపు వెనక్కి దొర్లుకుంటూ పోతుంది. మెత్తటి చీపురుతో ఊడిస్తే చీపురు ముందే లేచి ఎగురుతుంది. ఫ్యాన్ ఆపి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఊడ్చినా, బాత్రూమ్ నీళ్ళు తోసే రబ్బరు వైపర్‌తో లాగినా చక్కగా ముద్దకడుతుంది. అసలు పోరు సోఫాతో. లాబ్రడార్ పొట్టి వెంట్రుక గుడ్డ నేతలోకి దిగబడిపోతుంది. రబ్బరు గ్లౌజు తొడుక్కుని, చేయి కాస్త తడిపి ఒకే వైపు రాస్తే పైకి వస్తుంది.

దేశవాళీ కుక్కను తెచ్చుకుంటే ఈ బాధలేవీ ఉండవు అని కొందరు అంటారు. సగం నిజం. పలచటి బొచ్చు, త్వరగా ఆరే ఒళ్ళు, నిక్కిన చెవులు, వీటివల్ల వాసన తక్కువే. బొచ్చు మాత్రం అదీ రాలుస్తుంది. నల్ల ప్యాంటు వేసుకున్న రోజు తెలుస్తుంది. అయినా ఇంకా కుక్కను తెచ్చుకోనివాళ్ళు నన్నడిగితే అదే చెప్తాను. నలభై దాటే ఎండల్లో మంచు ప్రాంతాల కుక్క హస్కీని పెంచేవాళ్ళ గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

ఏప్రిల్ రాగానే తెల్ల కుక్కలకు గుండు చేయించేవాళ్ళున్నారు, ఎండకు పాపమని, బొచ్చు బాధ తప్పుతుందని. బొచ్చు రాలడం ఆగదు, రాలే ముక్కలు పొట్టివవుతాయి, అంతే. రెండు పొరల బొచ్చు కొన్నిసార్లు సరిగా తిరిగి రాదు. మచ్చలు మచ్చలుగా మొలుస్తుంది, ఈలోపు చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది. జడలు కట్టిపోయి విడదీయలేనప్పుడు కత్తిరించడం వేరు. గుండుకు బదులు కింది పొరలో ఊడి ఇరుక్కున్న బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, కుక్కకు చల్లదనం దొరికేది అక్కడే.

కాబట్టి దువ్వెన. పైన మెరిసే వెంట్రుకల్ని నిమిరితే ఏమీ రాదు. పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన కింది పొర దాకా దిగాలి. తొడల వెనక, మెడ చుట్టూ, తోక మొదట్లో ఊడిపోయి కూడా బయటికి రాని బూడిదరంగు కుచ్చులు ఇరుక్కుని ఉంటాయి. రోజూ పది నిమిషాలు దువ్వితే నేల మీద పడాల్సినదంతా చేతిలోకే వస్తుంది. చర్మం కళ్ళముందు ఉంటుంది కాబట్టి పిడుదులు, పొక్కులు, పేను కొరికినట్టుండే చోట్లు ముందే కనిపిస్తాయి. గుండ్రంగా బొచ్చు ఊడినా, రెండు పక్కలా ఒకేలా పలచబడినా అది మామూలు రాలడం కాదు. వెంట్రుక దాదాపు అంతా ప్రోటీనే కాబట్టి తిండి కూడా చూసుకోవాలి. రోజూ సంగటి, మజ్జిగ మాత్రమే పెట్టి బొచ్చు నిగనిగలాడాలంటే కుదరదు.

దీనికి వచ్చే అభ్యంతరం ఒకటే: అంత తీరిక ఎవరికుంది? నేను మాత్రం అసలు అభ్యంతరం అది కాదంటాను. కుక్క కావాలని గోల చేసేది పిల్లలు, తెచ్చేది మొగుళ్ళు, కసువు ఊడ్చేది ఆడవాళ్ళు. పనమ్మాయి ఉన్న ఇంట్లో ఆమె. ఆమెకు జీతం పెంచకుండా కుక్కను తెచ్చిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. కుక్క వాసన గురించి ఇళ్ళలో జరిగే గొడవల్లో చాలావరకు వాసన గురించి కావు, ఆ చాకిరీ ఎవరిదనే దాని గురించి. స్నానం మీద అందరికీ అంత మోజు ఎందుకంటే, అది నెలకో వారానికో ఒకసారి హడావుడిగా, సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ చేసే పని. మగవాళ్ళు కూడా ముందుకొస్తారు. రోజూ పది నిమిషాలు దువ్వడం ఎవరికీ కనిపించని పని.

మా ఇంట్లో రాకీని తెచ్చింది మా ఆయన. దువ్వెన ఆయన చేతిలోనే పెట్టాను. నడుం నొప్పి అంటాడు, ఆఫీసుకు లేటవుతోంది అంటాడు, అయినా దువ్వుతాడు. పొద్దున్నే మిద్దె మీద, గాలి లేనప్పుడు. తీసిన బొచ్చును పిట్టలు గూళ్ళకు తీసుకుపోతాయని గోడ మీద వదిలేవాడు. పిడుదుల మందు పూసిన కుక్క బొచ్చు పిట్టపిల్లలకు మంచిది కాదని చెప్పి మాన్పించాను. ఎటూ ఎండాకాలంలో పక్క మిద్దెల మీద వడియాలు, మిరపకాయలు ఆరుతుంటాయి. పాత పాల కవర్లో కుక్కి, మూతి ముడివేసి, చెత్తబండిలో వేయమన్నాను.